గ్రీనా, వుడ్డా? చెరువు ఒడ్డు ఉల్లంకుల్ని తేడా పట్టే పద్ధతి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తడి మిగిలిన చెరువు ఏదైనా సరే, ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా దాని అంచున ఈ పిట్ట కోసం వెతకొచ్చు. గోరువంక కన్నా కాస్త చిన్నది. నిటారు ముక్కు, గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట. బురదలో నాలుగడుగులు నడవడం, ఆగడం, ఆగినప్పుడల్లా వెనక భాగాన్ని కిందికీ పైకీ ఊపడం. మనం దగ్గరికి పోతే అరుచుకుంటూ లేస్తుంది, నడుము మీద తెల్లగా మెరుస్తుంది, అంతే. ఊళ్ళో అడిగితే ఉల్లంకి అంటారు. పుస్తకం తిప్పితే అలాంటివే రెండు పక్కపక్కన ఉంటాయి: గ్రీన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్.

పేర్లను నమ్ముకుంటే ఆదిలోనే దారి తప్పుతాం. గ్రీన్ వీపు పచ్చగా ఉండదు. మంచి వెలుతురులో నలుపుకు దగ్గరైన గోధుమరంగు, అందులో ఏదో ఆకుపచ్చ ఛాయ ఉందంటే ఉంది. వుడ్ పేరులో అడవి ఉన్నా, అది గుడ్లు పెట్టేది ఎక్కువగా ఉత్తర దేశాల చిత్తడి నేలల్లో, గడ్డి మధ్య నేల మీద. చెట్టెక్కి గుడ్లు పెట్టేది గ్రీనే. అదీ సొంత గూడు కాదు, వేరే పిట్టలు వదిలేసిన పాత గూళ్ళలో. శాస్త్రీయ నామమూ తిరకాసే. గ్రీన్‌ను ట్రింగా ఓక్రోపస్ అంటారు, అంటే లేత పసుపు కాళ్ళది అని. పసుపు కాళ్ళు నిజంగా ఉన్నది రెండోదానికి, ట్రింగా గ్లారియోలాకు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేర్లు ఇవి, మార్చడానికి లేదు. మరో చిక్కు కూడా ఉంది. రెండూ ట్రింగా ప్రజాతివే అయినా తోబుట్టువులు కావు, దాయాదులు. జన్యువుల లెక్కన గ్రీన్‌కు అతి దగ్గరిది అమెరికా ఖండాల్లో తిరిగే సాలిటరీ శాండ్‌పైపర్. వుడ్‌కు దగ్గరివి రెడ్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్.

అందుకే రంగు పేరుతో మొదలుపెట్టొద్దు. తెలుపు ఎక్కడ ఆగింది, ముదురు ఎక్కడ మొదలైంది, ఆ రెంటి మధ్య గీత తెగినట్టుందా, కలిసిపోయినట్టుందా అని చూడండి. కింద చెప్పే గుర్తుల్లో చాలామటుకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబులే.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టండి

తికమకలో సగం ఈ రెంటి మధ్య ఉండదు, కామన్ శాండ్‌పైపర్ వల్ల వస్తుంది. దాన్ని తీసేయడం తేలిక. కూర్చున్నప్పుడు రొమ్ము పక్కన, రెక్క మొదలయ్యే చోట, పొట్ట తెలుపు కొడవలిలా పైకి దూసుకొస్తుంది. తోక ఊపడం ఒక్క క్షణం ఆపదు. లేచాక నీటికి జానెడు ఎత్తులో, బిగిసిన రెక్కలను వణికిస్తూ, మధ్యమధ్య జారుతూ పోతుంది. రెక్క మీద పొడవునా తెల్లటి చార ఉంటుంది, నడుము మాత్రం గోధుమరంగే. మన గ్రీన్, వుడ్‌లలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది: రెక్క మీద చార ఉండదు, నడుము తెల్లగా ఉంటుంది.

నడుము తెలుపు వీపు మీదుగా భుజాల దాకా మొనదేలి ఎక్కితే అది మార్ష్ శాండ్‌పైపరో, గ్రీన్‌షాంకో. వాటిని ఇక్కడ వదిలేద్దాం.

ఎక్కడ, ఏ నెలలో

ఈ రెండూ మంచినీటి పిట్టలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ ఉప్పు బురదలో వందల కొద్దీ ఒడ్డు పిట్టలు ఉంటాయి గానీ, గ్రీన్, వుడ్ కోసం అక్కడ టెలిస్కోప్ పెట్టడం శ్రమ దండగ. అదే రోజు ఆ దారి పక్క వరి కయ్యలు, నేలపట్టు చుట్టుపక్కల కుంటలు చూస్తే పని జరుగుతుంది. లోపలి భాగంలో రామచంద్రాపురం మండలం రాయలచెరువు, చిత్తూరు కట్టమంచి చెరువు, పిచ్చాటూరు ఆరణియార్ లాంటి చోట్ల నీరు ఎక్కడ తగ్గి బురద ఎక్కడ తేలిందో ముందు చూసుకోండి. చెరువు పేరు కన్నా అందులో ఆ వారం నీటిమట్టం ముఖ్యం.

మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. చెరువు నిండి మొరవ పోతున్నప్పుడు ఒడ్డున బురదే ఉండదు, నీరు తుమ్మచెట్ల మొదళ్ళ దాకా ఎక్కేస్తుంది. ఆ రోజుల్లో పిట్టలు కొత్తగా దమ్ము చేసిన మళ్ళలో ఉంటాయి. నాట్లు పడి పైరు జానెడు దాటేదాకా అక్కడ చూడొచ్చు, ఆపైన పిట్ట పైరులో కనబడదు. జనవరి చివరి నుంచి మార్చి దాకా, తూము తెరిచి నీరు రోజురోజుకూ దిగుతున్నప్పుడు, చెరువు ఎగువ వైపు, అంటే కట్టకు ఎదురుగా నీరు పలచబడే చోట, అన్నిటికన్నా బాగుంటుంది.

ఆగస్టు, సెప్టెంబరు కథ వేరు. చెరువులు ఎండి ఉంటాయి. అప్పుడు గ్రీన్ ఎక్కడుంటుందంటే వంకలో మిగిలిన పడెలో, పశువులు నీళ్ళు తాగే గుంటలో, ఊరి మురికి కాలవలో, స్వర్ణముఖి ఇసుకలో తవ్విన గోతి అంచున. రెండు గట్ల మధ్య ఇరుకు చోటు, పక్కన చెట్టో పొదో ఉన్న చోటు దానికి ఇష్టం. వుడ్‌కు నాలుగు దిక్కులూ కనబడే వెడల్పు చిత్తడి కావాలి, గడ్డి మొలిచిన బురదైతే మరీ మంచిది. ఇరుకు కాలవలో ఒంటరిగా ఉన్నదాన్ని గ్రీన్ అనుకుని మొదలుపెట్టొచ్చు, దమ్ము మడిలో పదిహేను కలిసి మేస్తుంటే వుడ్ అనుకుని మొదలుపెట్టొచ్చు. అనుకోవడం దాకే. వుడ్‌ల గుంపు అంచున ఒక గ్రీన్ మేయడం ఉంది, కాలవలో ఒంటరి వుడ్డూ ఉంది.

నిలబడే చోటు

8x42 బైనాక్యులర్ చాలు. ముఖం మీది గీతలు తేలాలంటే 30, 40 మీటర్ల లోపల ఉండాలి. 80 మీటర్లు దాటితే టెలిస్కోప్ లేకుండా కనుబొమ మీద పందెం కాయొద్దు.

పొద్దున సూర్యుడు మీ వెనక ఉండేటట్టు చెరువుకు తూర్పు ఒడ్డు పట్టండి, సాయంత్రం పడమటి ఒడ్డు. ఎదురు వెలుతురులో ఏ ఉల్లంకి అయినా నల్లగా కనబడుతుంది, నల్లగా కనబడిన ప్రతిదీ గ్రీన్ అయిపోతుంది. ఈ ఒక్క పొరపాటుతో పుట్టే తప్పుడు గ్రీన్‌లు తక్కువేం కాదు. తొమ్మిదిన్నర దాటితే ఎండావిరి లేచి బురద మీద అంతా వణుకుతుంది, వేసవి దగ్గరపడే కొద్దీ ఇంకా ముందే.

కట్ట మీద నిలువుగా నడవకండి. ఆకాశం నేపథ్యంలో మనిషి ఆకారం కనబడగానే గ్రీన్ లేస్తుంది, ఒకసారి లేస్తే మళ్ళీ కంటికి అందేంత దగ్గర్లో దిగడం అరుదు. కట్ట లోపలి వాలులో, రాతి కట్టడం మీద, తుమ్మ నీడన కూర్చుని పది నిమిషాలు కదలకుండా ఉండండి. అవి మేసుకుంటూ అవే వస్తాయి.

కూర్చున్న పిట్టలో చూసే వరస

వరస ముఖ్యం, ఎందుకంటే పిట్ట ఎంతసేపు ఆగుతుందో తెలియదు. కనుబొమ మొదట, రొమ్ము రెండు, వీపు మూడు, కాళ్ళు ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులు చేసి కాళ్ళతో మొదలుపెడతారు.

కనుబొమ అంటే కంటి పైన తెల్లటి గీత. గ్రీన్‌లో అది ముక్కు మొదట్లో పుట్టి కంటి దగ్గరే ఆగిపోతుంది. కంటి చుట్టూ తెల్లటి వలయం స్పష్టంగా ఉంటుంది, గీత వచ్చి ఆ వలయంలో కలుస్తుంది. కంటి వెనక అంతా మొద్దు గోధుమరంగు, గీత జాడే లేదు. వుడ్‌లో గీత కన్ను దాటి మెడ వెనక్కి సాగుతుంది. దాని పైన ముదురు టోపీ, కింద కంటి గుండా పోయే ముదురు చార. కాబట్టి మీరు అడగాల్సింది ఒక్కటే: కంటి వెనక తెల్లగా ఉందా? ఉంటే వుడ్. పిట్ట పక్కకు తిరిగి ఉన్నప్పుడే ఈ ప్రశ్న అడగాలి. మీ వైపు ముఖం పెట్టినప్పుడు రెండూ ఒకలాగే కనబడతాయి.

రొమ్ము. గ్రీన్ మెడా రొమ్మూ ముదురు గీతలతో నిండి ఉంటాయి, ఆ ముదురు భాగం పొట్ట తెలుపును తాకే చోట కత్తితో కోసినట్టు ఆగుతుంది. దూరం నుంచి చూస్తే పిట్ట రెండు ముక్కలుగా ఉంటుంది, పైన నలుపు, కింద తెలుపు. వుడ్ రొమ్ము గీతలు బూడిదరంగువి, పలచనివి. కిందికి వచ్చే కొద్దీ మాసిపోతూ తెలుపులో కలుస్తాయి, ఎక్కడ ఆగాయో వేలు పెట్టి చూపలేం. దూరం ఎక్కువైనా పనికొచ్చే గుర్తు ఇది, కనుబొమ కనబడని చోట దీన్నే పట్టుకోవాలి.

వీపు మీద రెంటికీ చుక్కలుంటాయి. గ్రీన్‌వి ఆవగింజలంత, చాలా చిన్నవి. కొంచెం దూరమైతే వీపు సాదా ముదురుగా కనబడుతుంది. వుడ్‌వి పెద్దవి, ఈక అంచులు పళ్ళు పళ్ళుగా తెల్లగా ఉండటంతో వీపంతా గళ్ళ లుంగీలా ఉంటుంది. ఇక్కడే రెండు ఉచ్చులున్నాయి. ఆగస్టు, సెప్టెంబరులో వచ్చే ఆ ఏటి గ్రీన్ పిల్లలకు చుక్కలు దట్టంగా, కాస్త పసుపుగా ఉంటాయి, వాటిని చూసి వుడ్ అనేస్తారు. ఇటు జనవరి, ఫిబ్రవరి నాటికి వుడ్ ఈకల అంచులు అరిగిపోతాయి. తెల్లటి అంచు ముదురు భాగం కన్నా తొందరగా అరుగుతుంది గనుక గళ్ళు మాయమై వీపు సాదాగా మిగులుతుంది, దాన్ని చూసి గ్రీన్ అంటారు. మార్చి, ఏప్రిల్‌లో కొత్త ఈకలు వచ్చాక వుడ్ మళ్ళీ గళ్ళతో, ముందుకన్నా ముదురు నలుపు తెలుపులతో మెరుస్తుంది. నెల గుర్తుపెట్టుకోకుండా వీపును నమ్మొద్దు. అరిగినా అరగకపోయినా కనుబొమ, రొమ్ము గీత అంతగా మోసం చేయవు.

ఆకారం గురించి ఒక మాట. గ్రీన్ 21 నుంచి 24 సెంటీమీటర్లు, వుడ్ 19 నుంచి 21. రెండు సెంటీమీటర్ల తేడాను 50 మీటర్ల దూరం నుంచి కొలిచే కన్ను ఎవరికీ లేదు, రెండూ పక్కపక్కన ఉంటే తప్ప ఎత్తు మాట ఎత్తకండి. నిలబడే తీరు మాత్రం ఉపయోగపడుతుంది. గ్రీన్ బరువుగా, కాళ్ళు పొట్టిగా, బురదకు దగ్గరగా ఉంటుంది, ముక్కు తల కన్నా కొంచెం పొడవు. వుడ్ సన్నగా, మెడ సాచి, పొడుగు కాళ్ళ మీద నిలబడుతుంది. ముక్కు సుమారు తలంత.

ఇక కాళ్ళు. గ్రీన్‌వి బూడిద కలిసిన మొద్దు ఆకుపచ్చ, వుడ్‌వి పసుపు లేదా పసుపు కలిసిన ఆకుపచ్చ. కాగితం మీద బాగుంటుంది. బురదలో మోకాళ్ళ దాకా దిగిన పిట్టకు కాలి రంగు ఉండదు, ఎండిన అడుసు రంగు ఉంటుంది. ఎర్రమట్టి చెరువులో గ్రీన్ కాళ్ళు కూడా పసుపు తిరుగుతాయి, పొద్దుటి ఎండ కూడా తన వంతు పసుపు కలుపుతుంది. నీళ్ళలోంచి అప్పుడే బయటికి వచ్చిన పిట్ట కాళ్ళు చూడండి, లేదంటే ఈ గుర్తును లెక్కలోకి తీసుకోకండి.

లేచిన రెండు సెకన్లు

కూర్చున్నప్పుడు తేలని పిట్ట లేచాక తేలిపోతుంది. ఏం చూడాలో ముందే అనుకుని ఉండాలి. అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ కనబడదు.

మొట్టమొదట రెక్క అడుగు భాగం. గ్రీన్‌ది పైన ఎంత నలుపో కింద కూడా అంత నలుపు. వుడ్‌ది లేత బూడిద తెలుపు. వీటిని విడదీయడానికి ఇంతకు మించిన గుర్తు లేదు. దీనికోసం పిట్టను తరమక్కర్లేదు. ఒళ్ళు విరుచుకునేటప్పుడు రెండు రెక్కలూ పైకెత్తుతుంది, నేల మీద వాలేటప్పుడు కూడా ఒక్క క్షణం రెక్కలు నిలబెట్టి ఉంచుతుంది. ఆ క్షణానికి బైనాక్యులర్ కళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటే చాలు. గేదె నడిచినా, పైన గద్ద తిరిగినా అవే లేస్తాయి. మేత మానిపించి పదేపదే లేపడం వలస పిట్టకు ఒంట్లో కొవ్వు ఖర్చు.

రెండోది నడుమూ తోకా. గ్రీన్ నడుము తెలుపు పెద్దది, చతురస్రంగా, నల్లటి రెక్కల మధ్య కళ్ళకు కొట్టినట్టు ఉంటుంది. నల్ల పిట్ట వెనక ఉతికిన తెల్ల గుడ్డ కట్టినట్టు. తోక చివర రెండు నుంచి నాలుగు లావాటి నల్ల పట్టీలు, దూరానికి అవి కలిసి ఒకే నల్ల అంచులా ఉంటాయి. వుడ్‌కూ తెల్ల నడుమే, కానీ చుట్టూ ఉన్న గోధుమరంగు లేతది కాబట్టి అంతగా ఎగసిపడదు. తోక మీద సన్నటి అడ్డగీతలు ఎక్కువ.

మూడోది, పక్క నుంచి పోతుంటే కాళ్ళు. వుడ్ పాదాలు తోక దాటి స్పష్టంగా బయటికి ఉంటాయి, గ్రీన్‌వి దాటీ దాటనట్టుంటాయి.

లేచే తీరు కూడా వేరు. గ్రీన్ తీరు చాలా ఆవేశం: నిట్టనిలువుగా లేచి, అటూ ఇటూ వంకర్లు తిరిగి, చెట్ల పైకెక్కి దూరం పోతుంది. వుడ్ కూడా పైకి లేస్తుంది గానీ తేలికగా ఎగిరి, తోటివాటితో ఒక చుట్టు తిరిగి, చాలాసార్లు అదే మడి అవతలి గట్టున దిగుతుంది.

కూత

చెవి అలవాటుపడితే కంటితో పని సగం తగ్గుతుంది. రెండూ లేస్తూనే అరుస్తాయి. గ్రీన్ కూత గట్టిది, ఈలలా మోగుతుంది: "ట్లుయీ, విట్, విట్". మొదటి స్వరం సాగి పైకి ఎక్కుతుంది, తర్వాతవి పొట్టివి. వుడ్ కూత పొడిది: "చిఫ్ ఇఫ్ ఇఫ్". మూడు నాలుగు చిన్న స్వరాలు, అన్నీ దాదాపు ఒకే స్థాయిలో, గబగబా. స్వరం సాగిందా, టకటకమందా అన్నదే తేడా. కామన్ శాండ్‌పైపర్‌ది ఈ రెంటికన్నా సన్నటి, కిందికి జారే "స్వీ స్వీ స్వీ".

పక్షి కూతల వెబ్‌సైట్ జెనో-కాంటోలో రెండు కూతలకూ రికార్డులు ఉచితంగా దొరుకుతాయి. పోయే ముందు రోజు ఒక్కోదానివి ఐదారు వినండి. చెరువు దగ్గర ఫోన్లో వాటిని మోగించి పిట్టల్ని పిలవకండి. ఫోన్లో కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకుని అది చెప్పిందే రాసుకోవడం కూడా సరికాదు. అది పేరు సూచిస్తుంది, ఆ పిట్టను మీరు చూడాలి.

ఫొటో తీసేవాళ్ళకు

ఎగిరే పిట్టకు షటర్ 1/2000 కన్నా తగ్గిస్తే రెక్క అడుగు చెరిగిపోతుంది. మామూలు ఎక్స్‌పోజర్‌లో ఆకాశం వెలుగుకు కెమెరా మొత్తాన్ని చీకటి చేస్తుంది, వుడ్ లేత రెక్క అడుగు ఫొటోలో నల్లబడి గ్రీన్‌లా మారుతుంది. ఆకాశం నేపథ్యమైతే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా పెంచండి. ముదురు బురద మీద వీపు కనబడేలా పోతుంటే తిరగేసి, మూడు వంతుల్లో ఒక వంతు నుంచి రెండు వంతుల స్టాప్ దాకా తగ్గించండి, లేదంటే నడుము తెలుపు కాలిపోయి తోక పట్టీలు పోతాయి. పేరు తేలేదాకా ఫొటోలో కాంట్రాస్ట్ పెంచకండి. పెంచితే రొమ్ము మీద లేని గీత పుడుతుంది.

రాసుకునేటప్పుడు

తేదీ, సమయం, చెరువు పేరు, నీరు ఏ మట్టంలో ఉంది, మొత్తం ఎన్ని. దాని కింద ఏ గుర్తు చూసి పేరు పెట్టారో రెండు మాటల్లో: "కంటి వెనక గీత ఉంది, రెక్క అడుగు లేత" అని. ఆర్నెల్ల తర్వాత మీకు మీరే అనుమానపడినప్పుడు ఆ రెండు మాటలే అక్కరకొస్తాయి. కనుబొమ, రొమ్ము గీత, రెక్క అడుగు, కూత, ఈ నాలుగింటిలో కనీసం రెండు ఒకే వైపు చెబితే పేరు రాయండి. ఒకటి అటూ ఒకటి ఇటూ చెబితే వెలుతురో దూరమో మోసం చేసిందని లెక్క, మళ్ళీ చూడండి. తేలకపోతే "ఉల్లంకి, గ్రీన్ లేదా వుడ్" అని ఉంచేయండి.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. దానికి పోయేవాళ్ళు మడిలో ఉన్న గుంపు మొత్తాన్ని వుడ్ అని రాసి తర్వాతి చెరువుకు పరుగెత్తడం మామూలు. గుంపును ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కోదాని రొమ్ము చూస్తూ లెక్కించండి. ఇరవై పిట్టలకు మూడు నిమిషాలు పడుతుంది. గుంపు మధ్య చూడటం అయ్యాక మడికి నీళ్ళు వచ్చే కాలవలోకి, గట్టు నీడలోకి ఒకసారి బైనాక్యులర్ తిప్పండి, గ్రీన్ ఉంటే అక్కడే ఉంటుంది.